39 శాతం ఓట్లు, 11 కుర్చీలు: మన 42 మంది లోక్‌సభ సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన గౌరవనీయ సభ్యులకు,

నమస్కారాలు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా వృత్తిలో ఉన్న అందరిలాగే ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలింగ్ విధులకు, తరవాత కొన్నిసార్లు కౌంటింగ్ విధులకు వెళ్లాను. అక్కడ కళ్లారా చూసిన ఒక విషయం, దాని వెనక ఉన్న లెక్క మీ ముందు పెట్టి, మీరు మాత్రమే చేయగల ఒక పని అడగాలన్నదే ఈ లేఖ ఉద్దేశం. మీలో ఏ పార్టీ వారినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఈ లెక్క వల్ల లాభపడని పార్టీ గానీ, దెబ్బ తినని పార్టీ గానీ మీ 42 మందిలో దాదాపుగా లేదు.

కౌంటింగ్ హాల్లో జాలీకి అవతల ఏజెంట్లు, ఇవతల మేము కూర్చుంటాం. కంట్రోల్ యూనిట్ సీలు చూపించి, రిజల్ట్ బటన్ నొక్కితే ఒక్కో అభ్యర్థికి పడిన ఓట్లు వరసగా తెరమీద కనిపిస్తాయి. మేము పైకి చదువుతాం, ఏజెంట్లు తెచ్చుకున్న కాగితాల మీద రాసుకుంటారు, ఆ మొత్తం పోలింగ్ నాటి 17సి ఫారంలోని అంకెతో సరిపోయిందో లేదో చూసి సంతకాలు పెడతాం. సగం రౌండ్లు దాటి మెజారిటీ ఒక వైపుకు ఖాయమయ్యాక, వెనకబడిన అభ్యర్థి ఏజెంట్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. వాళ్లు రాసుకున్న కాగితాలు కుర్చీల మీదే ఉండిపోతాయి. మేము మాత్రం చివరి యంత్రం దాకా అదే శ్రద్ధతో చదువుతూనే ఉంటాం, ఎందుకంటే ప్రతి అంకే తుది ఫలితాల పట్టిక అయిన ఫారం 20లోకి ఎక్కాలి. ఒకసారి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉండగా, ఓడిపోతున్న అభ్యర్థికి ఒక పోలింగ్ కేంద్రంలో పడిన నాలుగు వందల పైచిలుకు ఓట్లను గట్టిగా చదివాను. ఉదయం నుంచి ఎండలో వరసలో నిలబడి వేసిన ఆ నాలుగు వందల మందికి ఈ ఫారంలో ఒక అంకె తప్ప మరెక్కడా చోటు లేదన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టింది, ఆ తరవాత నన్ను వదల్లేదు.

ఒక నియోజకవర్గంలో ఒకరే గెలవాలి, మిగతావారు ఓడిపోవాలి, అందులో అన్యాయం ఏముందని మీరు అడగవచ్చు. ఒక్క నియోజకవర్గం వరకే చూస్తే ఆ ప్రశ్న సరైనదే. కానీ వందలాది నియోజకవర్గాల్లో ఇలా మురిగిపోయిన ఓట్లన్నీ కలిపితే, కొన్నిసార్లు రాష్ట్రం మొత్తం మీద ఎక్కువ మంది ఓటర్లు కోరుకున్న పార్టీ వెనక వరసలో కూర్చోవాల్సి వస్తుంది. ఇది ఊహ కాదు. మన పొరుగున కర్ణాటకలో 2008లో కాంగ్రెస్‌కు 34.76 శాతం, బీజేపీకి 33.86 శాతం ఓట్లు వస్తే, సీట్లు మాత్రం బీజేపీకి 110, కాంగ్రెస్‌కు 80 వచ్చాయి. పదేళ్ల తరవాత 2018 మే నెలలో 222 స్థానాలకు పోలింగ్ జరిగినప్పుడు అదే మళ్లీ జరిగింది. బీజేపీ కంటే ఆరు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని, 38.04 శాతంతో మొదట నిలిచిన కాంగ్రెస్‌కు 78 స్థానాలు దక్కాయి. 36.22 శాతం తెచ్చుకున్న బీజేపీకి 104 దక్కాయి. అటుపైన జరిగిన గవర్నర్ ఆహ్వానం, యడియూరప్ప గారి రాజీనామా, మూడో స్థానంలో నిలిచిన జేడీఎస్ నుంచి కుమారస్వామి గారు ముఖ్యమంత్రి కావడం అందరికీ తెలిసిన చరిత్రే.

అదే సంవత్సరం చివర మధ్యప్రదేశ్‌లో పాత్రలు తారుమారయ్యాయి. అక్కడ బీజేపీకి 41.02 శాతం, కాంగ్రెస్‌కు 40.89 శాతం ఓట్లు వచ్చాయి. తేడా 48 వేల ఓట్ల లోపే, నోటాకు పడినవి అంతకు ఎన్నో రెట్లు. 230 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 114, బీజేపీకి 109 వచ్చి, తక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఏడు నెలల తేడాలో ఒకచోట కాంగ్రెస్, ఒకచోట బీజేపీ ఈ పద్ధతి చేతిలో దెబ్బ తిన్నాయి. అమెరికాలో 2000లో, 2016లో ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థులు అధ్యక్షులు కాలేకపోయినప్పుడు మన టీవీల్లో, మన పత్రికల్లో ఎంత చర్చ జరిగిందో నాకు గుర్తుంది. బెంగళూరులో, భోపాల్‌లో అదే జరిగితే అందులో నాలుగో వంతు చర్చ కూడా జరగలేదు.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్పడానికి కర్ణాటకే మంచి ఉదాహరణ. కాంగ్రెస్ ఓటు రాష్ట్రమంతా దాదాపు సమంగా పరుచుకుని ఉంది. బీజేపీ ఓటు కరావళి అనే కోస్తా ప్రాంతంలో, ఉత్తర కర్ణాటకలో గట్టిగా పోగుపడి, పాత మైసూరు ప్రాంతంలో చాలా చోట్ల పలచగా ఉంది. ఆ ప్రాంతంలో పోరు ప్రధానంగా కాంగ్రెస్‌కూ జేడీఎస్‌కూ మధ్యే నడిచింది కాబట్టి అక్కడ రెండో స్థానంలో నిలిచిన కాంగ్రెస్ ఓట్లు వేలకు వేలు మురిగిపోయాయి. బీజేపీకి మురిగిపోవడానికి అక్కడ అన్ని ఓట్లే లేవు. ఎన్ని ఓట్లు వచ్చాయన్నదాని కంటే అవి ఎక్కడ పడ్డాయన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. ఈ సంగతి మన ఉమ్మడి రాష్ట్రం 1984లోనే దేశానికి చూపించింది. ఆ లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 7.74 శాతం ఓట్లు వచ్చిన బీజేపీకి రెండే స్థానాలు దక్కాయి, అందులో ఒకటి మన హనుమకొండ. దేశవ్యాప్తంగా లెక్కేస్తే నాలుగు శాతం చిల్లర ఓట్లే ఉన్న తెలుగుదేశానికి 30 స్థానాలు వచ్చి, లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమయింది. ఆనాడూ మన స్థానాలు ఈ 42నే.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. ఇక్కడ ఎక్కువ ఓట్లు వచ్చిన పక్షం ఓడిపోలేదు గానీ, ఓటుకూ సీటుకూ మధ్య ఏర్పడిన దూరం చూస్తే లెక్కల మాస్టారిగా నాకు నిద్ర పట్టదు. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వస్తే 23 స్థానాలు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు వస్తే 11 స్థానాలు దక్కాయి. పార్టీలు మారాయి, ఓటర్లు మారారు, శాతం మాత్రం కదల్లేదు. పదిమందిలో నలుగురు ఓటర్లకు ఒకసారి 175 కుర్చీల్లో 23, ఒకసారి 11. ప్రతిపక్ష నేత హోదాకు సభలో పదో వంతు బలం ఉండాలన్న ఆనవాయితీ ప్రకారం చూస్తే 18 మంది కావాలి, 2024లో 39 శాతం ఓట్లు వచ్చినా బలం ఆ 18కి చేరలేదు. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లు వచ్చి 294లో 18 స్థానాలే దక్కాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో బీఆర్ఎస్‌కు 16.68 శాతం ఓట్లు వచ్చాయి, 17 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. పొత్తుల్లో తక్కువ చోట్ల పోటీ చేసే పార్టీల శాతాన్ని మిగతావాటితో నేరుగా పోల్చకూడదని నాకు తెలుసు. 2024లో జనసేన పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది, కాబట్టి దాని 6.85 శాతాన్ని ఆ దృష్టితోనే చూడాలి. అయినా 39కీ 11కీ మధ్య దూరాన్ని పొత్తుల లెక్క పూర్తిగా పూడ్చలేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకు ఎత్తుతున్నానంటే, నియోజకవర్గాల పునర్విభజన ఎప్పుడన్నా మీ ముందుకు రావలసిందే. 2001లో చేసిన 84వ సవరణ, 2026 తరవాత జరిగే మొదటి జనగణన దాకా స్థానాల సంఖ్యను కదపకుండా ఉంచింది. 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని చెప్పింది. ఆ పని ఇప్పుడే చేయాలని కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జూలైలో తోసిపుచ్చింది గానీ, చట్టంలోని ఆ అంకెలు అలాగే ఉన్నాయి. పునర్విభజన గురించి దక్షిణాది రాష్ట్రాల్లో జరుగుతున్న చర్చ అంతా ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్న దాని మీదే నడుస్తోంది. ఆ ఆందోళన న్యాయమైనదే, నేనూ పంచుకుంటాను. కానీ పెరిగే స్థానాలను ఎలా నింపాలన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఉన్న నియోజకవర్గాలను చిన్నవిగా కోసి మళ్లీ అదే పద్ధతిలో నింపితే, ఇదే దూరం ఇంకా పెద్ద సభలో కొనసాగుతుంది.

దీనికి దారి చూపించినవారు మన తెలుగువారే కావడం నాకు గర్వంగా ఉంది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక, ఇప్పుడున్న నియోజకవర్గాలను అలాగే ఉంచి, సభ బలాన్ని 25 శాతం పెంచి, ఆ అదనపు స్థానాలను పార్టీలు ఇచ్చే అభ్యర్థుల జాబితాల నుంచి ఓట్ల నిష్పత్తిని బట్టి నింపాలని సూచించింది. 2015లో వచ్చిన 255వ నివేదిక కూడా రెండు పద్ధతుల కలయిక గురించి మళ్లీ ప్రస్తావించింది. పునర్వ్యవస్థీకరణ చట్టం మనకు ఇస్తానన్న 50, 34 అదనపు స్థానాలు ఇప్పుడున్న వాటిలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువే. జీవన్‌రెడ్డి గారి సూచనను పరీక్షించడానికి ఇంతకంటే అనువైన అంకెలు ఎక్కడా దొరకవు.

నేను కాగితం మీద వేసి చూశాను. ఐదు శాతం కంటే తక్కువ ఓట్లు వచ్చిన పార్టీలను జాబితా స్థానాల నుంచి తప్పించి, ఆంధ్రప్రదేశ్‌కు రావలసిన 50 స్థానాలను విడిగా ఓట్ల నిష్పత్తిలో పంచితే, 2019లో తెలుగుదేశానికి 21, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ సరిగ్గా 21 అదనంగా వస్తాయి. అంటే 225 మంది సభలో ప్రతిపక్ష బలం 2019లో 44, 2024లో 32. ఇది మేలే గానీ, అసలు జబ్బుకు ఇది మందు కాదు. కర్ణాటక 2018 ఓట్లను నాలుగో వంతు అదనపు స్థానాలతో ఇదే పద్ధతిలో లెక్కిస్తే బీజేపీ 126, కాంగ్రెస్ 101 అవుతాయి, ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ అప్పుడూ వెనకే ఉంటుంది.

అందుకే ఆ స్థానాలను పంచే తీరు మారాలి. మొత్తం సభలో ఒక పార్టీకి ఓట్ల ప్రకారం ఎన్ని స్థానాలు రావాలో ముందు లెక్కగట్టి, నియోజకవర్గాల్లో గెలిచినవి అందులోంచి తీసేసి, తక్కువపడిన పార్టీలకే జాబితా స్థానాలు ఇవ్వాలి. జర్మనీలో, న్యూజిలాండ్‌లో నడుస్తున్న పద్ధతికి మూలం ఇదే. ఇలా లెక్కిస్తే కర్ణాటకలో కాంగ్రెస్‌కు 113, బీజేపీకి 108 వస్తాయి, ఓటర్లు పెట్టిన వరసే సభలోనూ నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ బలం 61 అవుతుంది, కూటమికి 225లో 164 ఉంటాయి. 2019లో తెలుగుదేశానికి 65, జనసేనకు 9 వస్తాయి, వైఎస్సార్ కాంగ్రెస్ 151తో నిక్షేపంగా ప్రభుత్వం నడుపుతుంది. రెండు సందర్భాల్లోనూ గెలిచినవారి ఒక్క స్థానానికీ నష్టం లేదు, మెజారిటీకి ఢోకా లేదు.

తెలంగాణ లెక్కలో ఒక కష్టం ఉంది, దాన్ని దాచిపెట్టి ఈ పద్ధతిని మీకు సిఫారసు చేయడం నాకు ఇష్టం లేదు. 2023లో కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం ఓట్లు వచ్చాయి. తేడా రెండు శాతం చిల్లర, స్థానాలు మాత్రం 64, 39. ఈ పద్ధతిలో 34 అదనపు స్థానాల్లో బీఆర్ఎస్‌కు 20, బీజేపీకి 14 వెళ్లి, 153 మంది సభలో కాంగ్రెస్ 64 దగ్గరే ఆగిపోతుంది. ప్రభుత్వానికి 77 కావాలి కాబట్టి మరొకరి మద్దతు తప్పదు. పొత్తు ప్రభుత్వాలు తరచూ పడిపోతాయన్న భయం నిజమైనదే. 275 మంది సభలో 110 స్థానాలను జాబితాల నుంచి నింపే నేపాల్‌లో ప్రభుత్వాలు ఎంత తరచుగా మారాయో మనం చూశాం. అయినా పదిమందిలో ఆరుగురు వేరే పార్టీలకు ఓటు వేసినప్పుడు, ఆ ఆరుగురిలో కొందరి ప్రతినిధులనైనా కలుపుకోకుండా పాలించగలగడం స్థిరత్వం అనిపించుకుంటుందా అన్నది మీరు సభలో తేల్చవలసిన ప్రశ్న. నా వరకు నేను, మద్దతు కూడగట్టుకోవలసిన అవసరమే పాలకులను ఎక్కువ మంది మాట వినేలా చేస్తుందని నమ్ముతున్నాను.

ఈ ప్రశ్న రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1949 జనవరి 4న దామాషా పద్ధతి, అంటే ఓట్ల నిష్పత్తిలో స్థానాలు ఇచ్చే పద్ధతి మీద జరిగిన చర్చలో డాక్టర్ అంబేడ్కర్ రెండు అభ్యంతరాలు చెప్పారు: ఆ పద్ధతికి విస్తృతమైన అక్షరాస్యత కావాలని, సభ ముక్కలైపోయి ప్రభుత్వాలు నిలవవని. ఆయన మాటను తీసిపారేసే ధైర్యం నాకు లేదు. మొదటి అభ్యంతరం ఎంత బలమైనదో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల లెక్కింపు చూసినవారికి తెలుసు. మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అంకెలు వేయడంలో డిగ్రీలు చదివినవారి ఓట్లే చెల్లకుండా పోతుంటాయి. కానీ నేను అడుగుతున్న పద్ధతిలో ఓటరు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఇప్పుడు నొక్కే బటనే నొక్కుతారు, అదే ఓటును నియోజకవర్గంలో ఒకసారి, పార్టీ ఖాతాలో ఒకసారి లెక్కిస్తాం. ఆ రెండో లెక్కకు కావలసిన అంకెలన్నీ ఫారం 20లో ఇప్పటికే ఉన్నాయి. రెండో అభ్యంతరానికి ఐదు శాతం కట్టడి కొంత జవాబు చెబుతుంది. ఇక దామాషా పద్ధతి మన రాజ్యాంగానికి పరాయిదీ కాదు. రాష్ట్రపతిని, రాజ్యసభ సభ్యులను ఎన్నుకోవడానికి రాజ్యాంగం పెట్టింది ఆ పద్ధతే. ఎమ్మెల్యేల ఓటు వృథా కాకూడదని శ్రద్ధ తీసుకున్న చోట, ఎమ్మెల్యేలను ఎన్నుకునే ఓటరు విషయంలోనూ అంతే శ్రద్ధ కోరుతున్నాను.

జాబితాల్లో ఎవరి పేర్లుంటాయన్న దాని మీద నాకు పెద్ద బెంగ ఉంది. ప్రజల మధ్యకు రానివారిని, డబ్బు పెట్టగలవారిని అధినేతలు దొడ్డిదారిన సభకు పంపిస్తే మొత్తం ప్రయత్నమే బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అందువల్ల జాబితా వరస క్రమంతో సహా నామినేషన్ల నాడే ప్రకటించాలి, ప్రతి పోలింగ్ కేంద్రం గోడ మీద అంటించాలి, ఆ తరవాత ఒక్క పేరు కూడా మార్చడానికి వీలుండకూడదు. ఇంకా మంచిది, ఆ పార్టీ నుంచి నియోజకవర్గాల్లో ఓడిపోయినవారిలో ఎక్కువ ఓట్ల శాతం తెచ్చుకున్నవారినే ఆ వరసలో తీసుకోవడం. అప్పుడు ఏజెంట్లు లేచి వెళ్లిపోయిన టేబుల్ మీద మేము చదివే ఆఖరి ఓటుకు కూడా విలువ ఉంటుంది, కాబట్టి వాళ్లు కూర్చునే ఉంటారు.

న్యూజిలాండ్‌లో 1978లో, 1981లో వరసగా రెండుసార్లు లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు, నేషనల్ పార్టీకి ఎక్కువ స్థానాలు వచ్చాయి. వాళ్లు ఒక రాయల్ కమిషన్ వేసుకుని, 1986లో దాని నివేదిక తెప్పించుకుని, 1993లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 1996 ఎన్నికల నాటికి పద్ధతి మార్చుకున్నారు. మన కమిషన్ నివేదిక వచ్చి పాతికేళ్లు దాటింది.

గౌరవనీయ సభ్యులారా, నేను అడిగేదానికి రాజ్యాంగ సవరణ కావాలని తెలుసు. లోక్‌సభ కూర్పును చెప్పే 81వ అధికరణం, శాసనసభల కూర్పును చెప్పే 170వ అధికరణం రెండూ ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి ప్రత్యక్ష ఎన్నిక అనే మాట మీదే నిలబడి ఉన్నాయి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. కాబట్టి ముందుగా మూడే పనులు కోరుతున్నాను. 170వ నివేదికలోని ఈ సూచనపై సభలో చర్చకు మీలో ఏ ఇద్దరైనా, వీలైతే వేర్వేరు పార్టీల వారు, కలిసి నోటీసు ఇవ్వండి. పునర్విభజనకు సంబంధించిన ఏ బిల్లు వచ్చినా పెరిగే స్థానాలను నింపే పద్ధతిని స్థాయీ సంఘం పరిశీలనకు పంపాలని పట్టుబట్టండి. మన రెండు రాష్ట్రాల 50, 34 స్థానాలతో ఈ పద్ధతిని మొదట ప్రయోగించే వీలును పరిశీలించమని న్యాయశాఖను లిఖితపూర్వకంగా అడగండి. నేను వేసిన లెక్కల కాగితాలు నా దగ్గర ఉన్నాయి, మీలో ఎవరు పిలిచినా తీసుకుని వస్తాను. తప్పులుంటే దిద్దుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు